ఖాళీని తీసేసిన గింజ

ఒక నల్లకాగితం మీద చిటికెడు మామూలు సబ్బుపొడి చల్లి, భూతద్దంలోంచి చూడండి. గింజలు తెల్లగా, బొద్దుగా, ఉబ్బి కనిపిస్తాయి. సూదిమొనతో నొక్కితే పుటుక్కున చితికిపోతాయి. లోపల ఉన్నది గాలి. ఇప్పుడు దాని పక్కనే, పెట్టె మీద ‘కాన్సెంట్రేట్’ అని రాసి ఉన్న పొడిని చిటికెడు చల్లండి. ఈ గింజ చిన్నది, గట్టిది. కాగితం వంచితే నూకలా బరువుగా జారుతుంది. మొదటిది బొరుగు, రెండోది బియ్యం.

ఈ పోలిక మాటవరసకు తెచ్చింది కాదు. బొరుగుల బట్టీలో వేడి ఇసుక బియ్యపు గింజకు ఏం చేస్తుందో, సబ్బుపొడి ఫ్యాక్టరీలో వేడిగాలి తడిచుక్కకు అదే చేస్తుంది. లోపలి నీటిని ఆవిరిచేసి గింజను ఉబ్బిస్తుంది. గాఢపొడి తయారీ అంటే ఆ బొరుగును మళ్ళీ బియ్యం చేయడం. పావు లీటరు గ్లాసులో బాగా ఉబ్బిన పొడి సుమారు 75 గ్రాములు పడితే, గాఢపొడి దాదాపు 190 గ్రాములు పడుతుంది.

గాలి తీసేయడంలో ఏముంది, నూరితే పోతుంది కదా అనిపిస్తుంది. అయితే ఆ గాలికి ఒక పని ఉంది. దానితోపాటు తీసేసిన సరుకులకు కూడా పనులున్నాయి. ఒకదాన్ని తీసేస్తే దాని పనిని ఇంకొకదానికి అప్పగించాలి. ఆ అప్పగింతల్లోనే ఈ విద్య నేర్పంతా ఉంది. మనం చెంచాతో తీసి బకెట్లో పారబోసే పొడిలో ఎంత ఆలోచన దాగుందో ఒకసారి నిదానంగా చూడదగ్గది.

టవరులో పేలిన బొరుగులు

సబ్బుపొడి అని పిలుస్తున్నాం కాని, ఇందులో ముఖ్యమైన సరుకు సబ్బు కాదు. సబ్బు ఉప్పునీళ్ళలో విరిగిపోతుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. ఆ బాధ తప్పించడానికి వచ్చినవే డిటర్జెంట్లు. మన చిన్న పరిశ్రమలవాళ్ళు ‘యాసిడ్ స్లర్రీ’ అని పిలిచే ముదురు గోధుమరంగు చిక్కటి ద్రవం ఈ పొడులకు ప్రాణం. దాన్ని క్షారంతో కలిపితే మురికిని పట్టి లాగే సర్ఫాక్టెంటు తయారవుతుంది.

అమెరికాలో 1946లో ‘టైడ్’ వచ్చినప్పటినుంచి పెద్ద ఫ్యాక్టరీల పద్ధతి దాదాపు ఒకటే. సర్ఫాక్టెంటు, సోడియం సిలికేటు, నీటిని మెత్తబరిచే ఫాస్ఫేటు, సోడియం సల్ఫేటు అన్నీ నీళ్ళతో కలిపి చిక్కటి జావ కాస్తారు. ఆ జావను ఎత్తయిన టవరు పైకి ఒత్తిడితో పంపి సన్నని ముక్కుల్లోంచి చిమ్ముతారు. కిందనుంచి 300 డిగ్రీల దరిదాపు వేడిగాలి ఎదురొస్తుంది. చుక్క కిందికి పడేలోపే, కొద్ది క్షణాల్లో, పైన పొర ఆరిపోతుంది. లోపలి నీరు ఆవిరై బయటికి దారి వెతుక్కుంటూ గింజను ఉబ్బిస్తుంది. అడుక్కి చేరేది బొరుగు.

ఆ బొరుగు చక్కని సరుకే. నీళ్ళలో వేయగానే చిల్లుల్లోంచి నీరు జొరబడి ఇట్టే కరుగుతుంది. చేతికి అంటదు, పెట్టెలోంచి ధారగా జారుతుంది. సోడియం సల్ఫేటు మురికి వదిలించడంలో పెద్దగా చేసేదేమీ లేకపోయినా, గింజకు ఒళ్ళిచ్చి, జిగురును విరిచి, పొడి పొడిగా ఉండేలా కాపాడుతుంది. అంటే గాలి కరిగించే పని చేస్తోంది, సల్ఫేటు జారించే పని చేస్తోంది. ఈ రెండింటినీ మోయడానికి పెద్ద అట్టపెట్టె, దాన్ని మోయడానికి లారీ, జావలోని నీటిని ఆవిరి చేయడానికి బోలెడు ఇంధనం కావాలి. గాఢపొడి ఆలోచన పుట్టింది ఈ లెక్క దగ్గరే.

నలభై గ్రాముల చోట ఇరవై ఐదు

ఆ లెక్కను ఇల్లిల్లూ ఒప్పుకునేలా తేల్చి చూపిన సరుకు జపానులో పుట్టింది. కావో కంపెనీ 1987లో ‘ఎటాక్’ అనే పొడిని అంగట్లోకి తెచ్చింది. అంతవరకు అక్కడి వాషింగ్ మెషీన్లలో 30 లీటర్ల నీటికి 40 గ్రాముల పొడి వేసేవారు. ఎటాక్ 25 గ్రాములు చాలు. బరువులో తేడా అంతే అయినా పరిమాణంలో తేడా చూడండి. పాత పొడి మిల్లీలీటరుకు 0.3 గ్రాముల చొప్పున 40 గ్రాములంటే 133 మిల్లీలీటర్లు. కొత్త గింజ 0.75 చొప్పున 25 గ్రాములంటే 33 మిల్లీలీటర్లు. నాలుగో వంతు! జపాను గృహిణులు దుకాణంనుంచి నాలుగు కిలోల పెట్టెలు మోసుకొచ్చే రోజులవి. ఇరుకు ఇళ్ళలో ఆ పెట్టెకు చోటివ్వడం కూడా సమస్యే. అలాంటి ఇంట్లోకి ఒక్క చేత్తో ఎత్తగల పెట్టె వచ్చింది.

ఇలాంటి గింజను కట్టే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ముందు టవరు పొడిని వేగంగా తిరిగే మిక్సరులోకి పంపి బుడగలు చితగ్గొడతారు. తర్వాత నాగలి కర్రుల్లాంటి రెక్కలున్న ఇంకో పాత్రలో, కొద్దిగా తడి తగిలించి, నలిగిన ముక్కలను మళ్ళీ చిన్న చిన్న ఉండలుగా కూర్చుతారు. గాలి పోయింది, గింజ గట్టిపడింది. ఇక్కడే చిక్కు వచ్చిపడుతుంది. సల్ఫేటు తగ్గించి సర్ఫాక్టెంటు పెంచారు కనుక గింజ జిగురెక్కుతుంది. వానాకాలంలో బెల్లం అచ్చులా ఒకదానికొకటి అంటుకుని పెట్టెలోనే గడ్డకట్టాలని చూస్తుంది. సల్ఫేటు చేసిన పనిని ఇప్పుడెవరు చేయాలి?

ఆ పనికి దొరికిన మనిషి జియోలైటు. అసలు దాన్ని తెచ్చింది వేరే పనికి. ఆ కథ బివా సరస్సు దగ్గర మొదలవుతుంది. 1977లో జపానులోని ఆ పెద్ద సరస్సులో నాచు విపరీతంగా పెరిగి నీళ్ళు ఎర్రబారాయి. సరస్సులో చేరే పోషకాల్లో బట్టల పొడుల్లోని ఫాస్ఫేటు కూడా ఉందని తెలిసి ఇల్లాళ్ళు ఉద్యమం నడిపారు. 1979లో షిగా ప్రాంతీయ ప్రభుత్వం ఫాస్ఫేటు పొడుల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే చట్టం చేసింది. దాంతో నీటిని మెత్తబరిచే పనిని ఫాస్ఫేటు చేతిలోంచి తీసి జియోలైటుకు అప్పగించారు. సిలికా, అల్యూమినాలతో అల్లిన, కొద్ది మైక్రాన్ల సైజు ఘనాకారపు స్ఫటికమది. లోపలంతా గూళ్ళు. ప్రతి గూటికీ మీటరులో వెయ్యికోట్లో వంతుకు నాలుగింతల వెడల్పున్న కిటికీలు. గూటిలో కూర్చున్న సోడియం బయటికి వచ్చి, నీటిలోని కాల్షియాన్ని లోపలికి పంపి, చోటు ఇచ్చేస్తుంది. నీరు మెత్తబడుతుంది.

గాఢపొడి కట్టేవాళ్ళు ఆ మెత్తటి జియోలైటునే చివర్లో గింజల మీద దులిపారు. అప్పడాలు ఒత్తేటప్పుడు ఉండ అంటకుండా పొడిపిండి అద్దడం మనింట్లో చూసిందే. ఇదీ అంతే. జిగురు గింజ చుట్టూ సన్నని పొర పట్టి, ఒకదానితో ఒకటి కలవకుండా జారేలా చేస్తుంది. నీళ్ళలో పడగానే ఆ పొర విడిపోయి కాల్షియం పట్టే పనిలోకి దిగుతుంది. పెట్టెలో ఒక పని, బకెట్లో ఇంకో పని. సల్ఫేటు ఒక్క పనే చేసేది. ఒకే సరుకుతో రెండు పనులు చేయించుకోవడం పనితనానికి గురుతు.

చౌడులో బతికే జీవి

పెట్టె చిన్నదైతే చాలా? 1970లలో చమురు సంక్షోభం తర్వాత జపాను కంపెనీలు ఒకసారి చిన్న పెట్టెలు తెచ్చి చూశాయి. నిలవలేదు. తక్కువ పొడి వేసినా బట్ట ఎక్కువ తెల్లబడితేనే చెయ్యి నమ్ముతుంది. ఎటాక్‌కు ఆ నమ్మకం తెచ్చిపెట్టింది మట్టిలోని ఒక సూక్ష్మజీవి.

ఈ మాట మనకు కొత్తగా అనిపించకూడదు. మన రజకులు తరతరాలుగా చౌడునేల మీది మట్టిని తెచ్చి, నీళ్ళలో కలిపి, మురికిబట్టలను అందులో ముంచి, బాన మీద ఉబ్బపెట్టేవారు. చౌడులో ఉన్న సోడియం కార్బొనేటే ఇవాళ మనం సోడా యాష్ అని బస్తాల్లో కొంటున్నది. క్షారం జిడ్డును విడగొడుతుందని చాకిరేవుకు ఏనాడో తెలుసు. క్షారంతో వచ్చే ఇబ్బంది ఎంజైములకు, అంటే జీవులు తయారుచేసుకునే, ఇతర పదార్థాలను ముక్కలుగా కోసే ప్రొటీన్లకు. జర్మనీలో ఒట్టో రోమ్ 1913లోనే జంతువుల క్లోమగ్రంథి నుంచి తీసిన ఎంజైముతో బట్టలుతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. సోడా నీళ్ళలో ఆ ఎంజైము నిలవలేకపోయింది. క్షారాన్ని తట్టుకునే బాక్టీరియా ఎంజైములు పొడుల్లోకి రావడానికి 1960లు రావలసి వచ్చింది. జపానులో కోకి హోరికోషి అనే శాస్త్రవేత్త 1960ల చివరినుంచి క్షారంలోనే హాయిగా పెరిగే బాక్టీరియాను మట్టిలోంచి వెతికి తీసి, ఆ జీవుల లోకాన్ని ప్రపంచానికి చూపించాడు.

కావో పరిశోధకులు అలాంటి మట్టిలోంచే ఒక బాసిల్లస్‌ను పట్టుకున్నారు. దాని పేరు కేఎస్‌ఎం-635. అది విడుదల చేసే సెల్యులేజు ఎంజైము బాగా పనిచేసేది 9.5 పీహెచ్ దగ్గర, అంటే సరిగ్గా సబ్బునీళ్ళ క్షారంలో. ఇక దాని పని తీరు. అంతకుముందు ఎంజైములు మురికి మీద పడేవి. రక్తం, పాలు, గుడ్డు మరకల్లోని ప్రొటీనును కోసేవి. ఈ సెల్యులేజు మురికిని ముట్టుకోదు, నూలును ముట్టుకుంటుంది. ఒంటి జిడ్డు బనియను నూలుపోగు లోపలి సందుల్లోకి దిగి బందీ అయిపోతుంది. అక్కడికి సర్ఫాక్టెంటు చేరలేదు. ఎంజైము ఆ పోగులో క్రమం లేని మెత్తటి చోట్లను మాత్రం కాస్త వదులు చేస్తుంది. గట్టి స్ఫటిక భాగాల జోలికి పోదు కనుక బట్ట బలం చెడదు. సందు వదులవగానే జిడ్డు బయటపడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ బనియన్లు పచ్చబడటానికి కారణమైన మురికికి ఇది మందు.

ఎటాక్ వచ్చిన మరుసటి ఏడు, 1988లో, జపానులోనే లయన్ కంపెనీ ‘హైటాప్’ పొడిలో కొవ్వును కోసే లైపేజు వచ్చింది. డెన్మార్కులోని నోవో సంస్థ ఒక బూజు జన్యువును ఇంకో బూజులో పెట్టి పెంచి తీసిన ఎంజైమది. నూరుపాళ్ళ సరుకులో చిటికెడంత బరువున్న ఎంజైములు, పిడికెడు సర్ఫాక్టెంటు చేయలేని పని చేసిపెట్టాయి. పొడి చిక్కబడటమంటే ఇదీ.

సోంపు గింజలా పూతపూసి

ఎంజైమును పొడిలో కలపడానికి కూడా చేతినేర్పు కావాలి. 1960ల చివర్లో ఎంజైము ధూళిని పీల్చిన ఫ్యాక్టరీ కార్మికులకు ఉబ్బసంలాంటి ఊపిరితిత్తుల జబ్బులు రావడం బయటపడింది. 1969లో బ్రిటన్ వైద్యపత్రిక లాన్సెట్ ఆ సంగతిని ప్రచురించింది. దానికి పరిశ్రమ వెతికిన జవాబు, ఎంజైము దుమ్ము రేగకుండా గింజలోనే బంధించడం. నడిమి గింజలో ఎంజైము, దాని మీద మైనంలాంటి పొర. మిఠాయి కొట్లో చక్కెర పూత పూసిన సోంపు గింజలను గుర్తు తెచ్చుకోండి. చేతికి తగిలినా ధూళి లేవదు. నీటిలో పడితే పొర విప్పుకుని ఎంజైమును వదులుతుంది. కార్మికుడి ఊపిరిని కాపాడటానికి పుట్టిన ఈ పూత, తర్వాత ఎంజైమును కూడా కాపాడింది.

ఎందుకంటే అదే పెట్టెలో దాని శత్రువు కూడా ఉంటుంది. మరకల రంగు పోగొట్టే ఆక్సిజన్ బ్లీచు ఎంజైమును చంపగలదు. జర్మనీలో 1907లో వచ్చిన ‘పెర్సిల్’ పేరులోనే పెర్‌బోరేటు అనే బ్లీచు ఉంది. అది బాగా పనిచేయాలంటే నీళ్ళు దాదాపు 60 డిగ్రీలు దాటాలి. అంత వేడిలేని నీళ్ళలో ఉతికే ఇళ్ళకోసం టీఏఈడీ అనే ప్రేరకాన్ని చేర్చారు. అది బ్లీచుతో కలిసి 40 డిగ్రీల దగ్గరే మరక మీద పనిచేసే పెరాసిడ్‌ను పుట్టిస్తుంది. నీళ్ళు బాగా వేడిచేసే పని కూడా ఇలా ఒక గింజకు అప్పగించారు. ఇప్పుడు పెర్‌కార్బొనేటు వాడకం ఎక్కువ. దానికీ తేమ తగలకుండా పూత ఉంటుంది. ఆ నల్లకాగితం మీది చిటికెడులో పచ్చ, నీలం, పాలతెలుపు చుక్కలు వేరువేరుగా కనిపిస్తే కొన్ని ఇలాంటివే కావచ్చు. కొన్ని మాత్రం కంటికింపుకోసం వేసిన రంగు గింజలు. ఒకరికొకరు పడనివాళ్ళను ఒకే ఇంట్లో, వేరువేరు గదుల్లో పెట్టి, నీళ్ళు తగిలే క్షణందాకా గొడవ రాకుండా చూడటం ఈ కూర్పులోని నేర్పు.

టవరే అక్కర్లేకుండా

గాలి వద్దనుకుంటే గాలి నింపే టవరు మాత్రం ఎందుకు? ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులో మన దేశానికి బాగా తెలిసిన రసాయన క్రియ ఉంది. యాసిడ్ స్లర్రీని పొడి సోడా యాష్‌తో కలిపితే అక్కడికక్కడే సర్ఫాక్టెంటు తయారై, కొద్దిగా నీరు, కార్బన్ డయాక్సైడు వదులుతుంది. ఎండబెట్టే పని దాదాపు ఉండదు. అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ 1969లో ఇంటి వెనక మొదలుపెట్టి, సైకిలు మీద తిరిగి అమ్మిన ‘నిర్మా’ పొడికి ఇలాంటి టవరులేని పద్ధతే ఆధారం. ఇప్పటికీ మన ఊళ్ళ చిన్న పరిశ్రమల్లో పారలతో కలిపి, జల్లెడ పట్టి చేసేది ఇదే.

గాఢపొడి ఫ్యాక్టరీ ఈ పనినే కత్తులు గిర్రున తిరిగే మిక్సరులో చాలా తక్కువ వ్యవధిలో చేయిస్తుంది. స్లర్రీ చుక్క ప్రతిదీ సోడా రేణువును పట్టుకోవాలి. ఎక్కడా ఆమ్లం మిగలకూడదు. అందుకే సోడాను అవసరానికి మించి వేస్తారు. ఆ మిగులు వృథా కాదు, ఉతికేటప్పుడు కావలసిన క్షారం అదే. క్రియలో పుట్టే వేడికి పిండి మెత్తబడుతుంది కనుక, కిందినుంచి చల్లగాలి కొట్టే పళ్ళెం మీద గింజలను తేలాడిస్తూ గట్టిపరుస్తారు. జల్లెడలో లావు గింజలు నూరుడుకు, నుసి మళ్ళీ మిక్సరుకు వెనక్కి పోతాయి. కావలసిన సైజు మాత్రమే ముందుకు సాగుతుంది.

జర్మనీలో హెంకెల్ 1994లో ఇంకో దారి పట్టింది. ముద్దను చిల్లుల పళ్ళెంలోంచి ఒత్తి, సన్నని తీగలుగా తీసి, తుంచి, గుండ్రంగా దొర్లించింది. జంతికల గొట్టంలోంచి వచ్చిన తీగను సగ్గుబియ్యంగా మార్చినట్టు. ‘మెగాపెర్ల్స్’ అని పేరు పెట్టింది. అన్ని గింజలూ ఒకే సైజు, నుసి లేదు. నా కంటికి ఈ విద్యలో అన్నిటికంటే అందమైన గింజ అదే.

గాలి చేసిన పని

ఇంత చేసినా గాలి చేసిన పని మిగిలే ఉంది. బొరుగులోకి నీరు దూరుతుంది, బియ్యంలోకి దూరదు. సర్ఫాక్టెంటు ఎక్కువున్న గట్టిగింజ తడవగానే పైన జిగట పొర కడుతుంది. ఆ పొర లోపలికి నీటిని పోనివ్వదు. చల్లటి నీళ్ళలో, బట్ట మడతలో చిక్కుకుంటే తెల్లటి మచ్చలుగా మిగిలిపోతుంది. అందుకే గింజలో సర్ఫాక్టెంటు ఒకే ముద్దగా ఉండకుండా, మధ్యమధ్య త్వరగా కరిగే లవణాలను పేరుస్తారు. అవి ముందు కరిగి నీటికి సందులు తీస్తాయి. గింజ సైజును తగ్గించి, ఒకే తీరుగా ఉంచుతారు. గాలికి బదులు ఇప్పుడు లవణం నీటికి తలుపు తీస్తోంది.

ఆఖరుగా తీసేయవలసింది ఫ్యాక్టరీలో లేదు, మన చేతిలో ఉంది. ‘ఇంకాస్త వేద్దాం’ అనే గుప్పెడు అలవాటు. మన దేశంలో 1959లో ‘సర్ఫ్’ వచ్చి, తెలుగింట బట్టల పొడికంతటికీ సర్ఫు అనే పేరు పెట్టింది. 1991లో ‘ఏరియల్’తో గాఢపొడి కూడా వచ్చింది. కాని చెయ్యి మాత్రం పాత కొలతలోనే ఉండిపోయింది. ఎటాక్ పెట్టెలో కొలచెంచాను పెట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. నా లెక్కలో ఆ చెంచా కూడా యంత్రమే. మట్టిలోని జీవి దగ్గర మొదలై, జియోలైటు గూళ్ళు, పూతల గింజలు, తిరిగే కర్రులు దాటుకుంటూ వచ్చిన పనంతా చివరికి ఆ చెంచా మీది గీత దగ్గర తేలుతుంది. గీత దాటి పోసిన పొడి బట్టను మరింత తెల్లబరచదు. నురగ పోగొట్టడానికి ఇంకో రెండు బకెట్ల నీళ్ళు అడుగుతుంది. ఆ నీళ్ళు కాలువలోకే పోతాయి.

కనుక ఈసారి పెట్టె తెరిచినప్పుడు చెంచాను పక్కన పడేయకండి. ముందు బకెట్లో పొడి వేసి, దాని మీద నీటిధార వదిలి, పూర్తిగా కరిగాకే బట్టలు వేయండి. చెంచా మీది గీత వరకే కొలవండి. ఆ గింజను కట్టినవాళ్ళ పనితనానికి మనం చేయగల మర్యాద అది.